సోయా చిక్కుడు: మేలెంత? కీడెంత?

సోయా చిక్కుడు మిక్కిలి బలకరమని కొందరును, అది ఒంటికి పడదని మరికొందరును చెప్పుచుందురు. రెండు మాటలయందును కొంత నిజము కలదు. ఆ గింజను ఎట్లు వండితిమి, ఎవరికి పెట్టితిమి అనుదానిని బట్టియే మేలైనను కీడైనను కలుగును.

ఈ పంటకు పుట్టినిల్లు చైనా. మన దేశమున 1960 దశకమునందు పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయముల కృషివలన దీని సాగు ఊపందుకొన్నది. నేడు మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో విస్తారముగను, తెలంగాణమున ఆదిలాబాద్ ప్రాంతములోను పండుచున్నది.

ఇందలి పోషక పదార్థములు

నూరు గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు ఇంచుమించు 22 గ్రాములుండగా, అంతే తూకముగల సోయా గింజలలో 36 మొదలు 40 గ్రాముల వరకు ఉండును. నూనె సుమారు 20 గ్రాములు. బియ్యము, గోధుమ, జొన్నలలో కొరవడిన లైసిన్ ఇందు సమృద్ధిగా కలదు. కావున అన్నముతోనో రొట్టెతోనో కలిపి తినినపుడు ఒకదాని లోటును మరియొకటి తీర్చును. మాంసము, గ్రుడ్లు తినని కుటుంబములకు ఇది మంచి ఆధారము.

వండు విధము

పచ్చి గింజలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థము కలదు. నానబెట్టినంత మాత్రమున అది పోదు. బాగుగా ఉడికించినచో చాలవరకు నశించును. గింజలను రాత్రి నానవేసి, ఆ నీటిని పారబోసి, మంచినీటిలో మెత్తగా ఉడికించవలెను. పచ్చి గింజల పిండిని నీటిలో కలిపి త్రాగరాదు. ఉడికించి ఎండబెట్టి విసరిన పిండిని, తొమ్మిది పాళ్ల గోధుమపిండికి ఒక పాలు చొప్పున కలిపి రొట్టెలు చేసికొనవచ్చును. బజారులో దొరకు మీల్ మేకర్ నూనె తీసిన సోయాపిండితో చేసినది. దానిని వేడినీటిలో నానబెట్టి, పిండి, కూరలో ఉడికించవలెను.

కొన్ని భయములు

సోయాలో స్త్రీల హార్మోనును కొంత పోలిన పదార్థములు కలవు. అందుచే పురుషులు దీనిని తినరాదని కొందరు భయపడుదురు. మితముగా ఆహారములో తినువారి హార్మోనులలో అట్టి మార్పు పరిశోధనలలో కానరాలేదు.

జాగ్రత్తపడవలసినవారు

థైరాయిడ్ మాత్రలు వాడువారు సోయాను మానవలసిన పనిలేదు. కాని అది మందు ఒంటికి పట్టుటను తగ్గింపవచ్చును. కనుక మాత్రకును సోయాకును నడుమ కొన్ని గంటల ఎడముంచి, వైద్యుని సలహా పొందవలెను. ఇంట అయోడిన్ ఉప్పునే వాడవలెను. సోయా తినినంతనే దద్దురులు, పెదవుల వాపు, ఆయాసము కలిగినచో వెంటనే వైద్యసహాయము పొందవలెను. అట్టివారు మరల దానిని ముట్టరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పసిబిడ్డల విషయము. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే బిడ్డకు సంపూర్ణాహారము. ఇంట తీసిన సోయాపాలు ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలకు బదులు కానేరవు. తల్లికి పాలు చాలనిచో ఆరోగ్య కార్యకర్తను గాని వైద్యుని గాని అడుగవలెను.

సోయా వచ్చినదని కంది, పెసర, సెనగలను విడువరాదు. వానితోపాటు దీనికిని వంటింట చోటిచ్చి, బాగుగా ఉడికించి, మితముగా తినినచో ఆరోగ్యవంతులకు ఇది మేలైన ఆహారమే.