రెండు బొమ్మలు ఒక్కటైతే... క్లిక్!

ఫోన్లో వేల ఫొటోలున్నా రీలు కెమెరా మీద మోజు మళ్లీ మొదలైంది. అందులోనూ రేంజ్‌ఫైండర్ అంటే కుర్రకారుకు ఓ ప్రత్యేక ఆకర్షణ. మరి అయిజ లాంటి ఊళ్లో రోజువారీ ఫొటోలకు అది పనికొస్తుందా? కొనాలంటే ఏది కొనాలి? ఏ లెన్స్ పెట్టాలి?

గుంట మగ్గం మీద గద్వాల చీర నేస్తున్న నేతన్నను ఫొటో తీద్దామని ఓ పెద్ద కెమెరా ఎత్తామనుకోండి. ఏమవుతుంది? చేతిలో నాడె ఆగిపోతుంది. ఆయన చొక్కా సర్దుకుంటాడు, తల దువ్వుకోవాలేమో అని చూస్తాడు, నిటారుగా కూర్చుని కెమెరా వైపు చూస్తాడు. ఫొటో వస్తుంది. కానీ నూలు ఒంటికి పట్టు అంచును కలిపి నేసే ఆ వేళ్ల పని మాత్రం అందులో ఉండదు.

అయిజ, రాజోలి, గద్వాల ప్రాంతంలో ఫొటోకు పనికొచ్చే దృశ్యాలు చాలావరకు ఇలాంటివే. మగ్గం ఇల్లు, పత్తి చేలో కూలీలు, తిక్క వీరేశ్వరస్వామి జాతరలో గాజుల కొట్టు ముందు గుంపు... వీటికి దూరాన్ని దగ్గర చేసే కెమెరాలు అక్కర్లేదు. దగ్గరకు వెళ్లినా ఎవరినీ కదిలించని కెమెరా కావాలి. సరిగ్గా ఆ పనికే పుట్టింది రేంజ్‌ఫైండర్.

ఇరుసంచంత పెట్టె నుంచి జేబులోకి

ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ కాలంలో కెమెరా అంటే ముక్కాలిపీట మీద నిలబెట్టే పెట్టె, గాజు పలకలు. కూర్చున్నవాళ్లు కదలకూడదు. ఆ పద్ధతిని మార్చింది జర్మనీలోని లైట్జ్ కంపెనీ. అందులో పనిచేసే ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును వాడుకునే చిన్న కెమెరా తయారు చేశాడు. 1925లో అది లైకా పేరుతో మార్కెట్లోకొచ్చింది. 1932లో వచ్చిన లైకా 2, కాంటాక్స్ కెమెరాల్లో దూరాన్ని కొలిచే రేంజ్‌ఫైండర్‌ను లెన్స్‌తో కలిపేశారు. 1954 నాటి లైకా ఎం3తో ఈ పద్ధతికి పూర్తి రూపం వచ్చింది.

ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ మన దేశానికొచ్చినప్పుడు చేతిలో ఉన్నది లైకానే. 1948 జనవరి 30న గాంధీజీని కలిసి ఫొటోలు తీశాడాయన. ఆ తర్వాత కొద్దిసేపటికే మహాత్ముడి హత్య జరిగింది. అంతిమయాత్రనాటి జనసముద్రాన్ని కూడా ఆ చిన్న కెమెరాతోనే పట్టుకున్నాడు.

ఎలా పనిచేస్తుంది?

మన రెండు కళ్లలాగే ఈ కెమెరాకు ముందువైపు రెండు కిటికీలుంటాయి. ఒకదాని నుంచి మనం చూస్తాం. రెండోదాని నుంచి వచ్చే బొమ్మ అద్దం మీద పడి, మనం చూసే దృశ్యం మధ్యలో చిన్న చదరంగా కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతుంటే ఆ చదరంలోని బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయంటే ఫోకస్ కుదిరినట్టే.

ఎస్సెల్లార్‌లో లెన్స్ వెనకాల అద్దం ఉంటుంది. క్లిక్ అనగానే అది టప్పున పైకి లేస్తుంది. ఇందులో ఆ అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ, అదురూ తక్కువ. సెకనులో 30వ వంతు షట్టర్‌తో కూడా చేతిలో పట్టుకునే ఫొటో తీయొచ్చు. ఇంకో సుగుణం... వ్యూఫైండర్లో ఫ్రేము గీతల బయట ఏముందో కూడా కనిపిస్తుంది. జాతరలో ఓ పిల్లాడు పీచుమిఠాయితో పరుగెత్తుకొస్తుంటే ఫ్రేములోకి రాకముందే తెలిసిపోతుంది.

లోపాలూ తెలుసుకోవాలి. చాలా మోడళ్లు 70 సెంటీమీటర్లు, కొన్ని మీటరు కంటే దగ్గర ఫోకస్ చేయవు. చీర మీది బుటాను నిండుగా తీయాలంటే కుదరదు. జూమ్ ఉండదు. క్రికెట్ మ్యాచ్‌కూ, చెట్టు మీది పిట్టకూ ఇది పనికిరాదు. ప్రధాన అవసరం అదే అయితే ఎస్సెల్లార్ కొనుక్కోవడం మేలు.

35నా, 50నా?

రోజువారీ వాడకానికి ఒక్క లెన్స్ చాలు. అది 35 మిల్లీమీటర్లా, 50 మిల్లీమీటర్లా అన్నదే ప్రశ్న. ఎక్కడ తీస్తారన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. మగ్గం గదిలో వెనక్కి జరుగుదామంటే గోడ తగులుతుంది. అక్కడ 35 అయితే మనిషీ, మగ్గమూ, వెలుగొచ్చే కిటికీ మూడూ పడతాయి. అరుగు మీద అవ్వ ముఖం తీయాలంటే 50 బాగుంటుంది. ముక్కూ చెవులూ సాగినట్టు కనిపించవు. రెండింటికీ మధ్యేమార్గం 40. పాత జపాన్ కెమెరాల్లో చాలావాటికి 40 నుంచి 45 మధ్య లెన్సే బిగించి ఉంటుంది.

లైకా కొనేవాళ్లు ఇక్కడ ఓ సంగతి గమనించాలి. ఎం3 వ్యూఫైండర్లో 50, 90, 135 గీతలే ఉంటాయి. 35కు గీతలు లేవు. దాని తర్వాత వచ్చిన ఎం2లో 35, 50, 90 ఉంటాయి. ఎం3లో దృశ్యం 0.91 రెట్లు, అంటే దాదాపు మన కంటికి కనిపించినంత పెద్దగా కనిపిస్తుంది. ఎం2లో అది 0.72 రెట్లే. అందుకే 50 ఇష్టపడేవారికి ఎం3, 35 ఇష్టపడేవారికి ఎం2 అంటారు.

లెన్స్‌కు ఎఫ్/1.4 ఉండాల్సిందేనా? అక్కర్లేదు. ఐఎస్‌ఓ 400 రీలు వేసుకుంటే కిటికీ వెలుతురున్న గదికి ఎఫ్/2 సరిపోతుంది. బయట మన ఎండకు అసలే అవసరం లేదు. నడినెత్తిన సూర్యుడుంటే 400 రీలుకు ఎఫ్/16, సెకనులో 500వ వంతు పెట్టాలి. చాలా పాత కెమెరాల్లో అంతకుమించిన వేగమే లేదు. పగలంతా బయటే తిరిగేవాళ్లు 100 లేదా 200 రీలు వేసుకోవాలి.

ఆ ఎండనే మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. 35 లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరాన్ని 3 మీటర్ల దగ్గర ఆపేయండి. సుమారు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ తిప్పే పనే లేదు. కన్ను పెట్టడం, నొక్కడం... అంతే. జాతరకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

జేబును బట్టి...

మొదటిసారి కొనేవారికి లెన్స్ బిగించి వచ్చే జపాన్ కెమెరాలే మంచివి. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35లో 45 మి.మీ. ఎఫ్/1.7 లెన్స్ ఉంటుంది. ఎఫ్ నంబరు మనం పెడితే షట్టర్ వేగం అదే చూసుకుంటుంది. కాకపోతే బ్యాటరీ లేకుండా సెకనులో 500వ వంతు వేగం ఒక్కటే పనిచేస్తుంది. 1972 నాటి కెనానెట్ క్యూఎల్17 జీ3 ఇంకా చిన్నది. 40 మి.మీ. ఎఫ్/1.7 లెన్స్. బ్యాటరీ లేకపోయినా అన్ని వేగాలూ చేత్తో పెట్టుకోవచ్చు. మినోల్టా హైమాటిక్‌లదీ ఇదే కోవ. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసింది మందుల షాపులో కొన్న ఆ రకం కెమెరాతోనే!

లెన్సులు మార్చుకోవాలంటే సోవియట్ ఫెడ్, జోర్కిలు చవక. జోర్కి 4లో మాత్రం రీలు తిప్పాకే షట్టర్ వేగం మార్చాలి. ముందే మారిస్తే లోపలి యంత్రం పాడవుతుంది. వాటికి సరిపోయే మర లెన్సులనే కెనాన్ పి, కెనాన్ 7 కూడా తీసుకుంటాయి. ఆపై మెట్టు కొసైనా కంపెనీ వొయిట్‌లాండర్ పేరుతో 2015 దాకా చేసిన బెసాలు. చివరి మెట్టు లైకా. దాని ధర లక్షల్లో మాట.

ఇంట్లో అటక మీద యాషికా ఎంఎఫ్2 దొరికిందా? సంతోషమే కానీ, అది రేంజ్‌ఫైండర్ కాదు. దాంట్లో ఫోకస్ తిప్పే ఏర్పాటే లేదు.

డబ్బిచ్చే ముందు చూడండి

* లెన్స్‌ను చివరిదాకా తిప్పి, దూరంగా ఉన్న సెల్‌టవర్‌నో గుట్టనో చూడండి. రెండు బొమ్మలూ కలవాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నా సరికాదు.
* షట్టర్ తెరిచి ఉంచి, వెనక నుంచి టార్చి వేసి లెన్స్‌లోకి చూడండి. సాలెగూడులాంటి గీతలుంటే బూజు పట్టినట్టు.
* ఒక సెకను వేగం పెట్టి వినండి. నిజంగా సెకను పట్టాలి. మధ్యలో ఆగితే నూనె గట్టిపడినట్టు.
* బ్యాటరీ గూట్లో పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. పాత పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. కెనానెట్‌కు వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు బ్యాటరీ, ఎలక్ట్రోకు అడాప్టర్‌తో 6 వోల్టుల బ్యాటరీ సరిపోతాయి.
* వెనక తలుపు అంచుల్లోని స్పాంజి జిగురుగా మారితే వెలుతురు దూరుతుంది. ఇది చిన్న రిపేరే.

ఎండతో జాగ్రత్త

ఎస్సెల్లార్‌లో అద్దం అడ్డం ఉంటుంది. లైకా, ఫెడ్ లాంటి వాటిలో లెన్స్ వెనక నేరుగా గుడ్డ తెర. లెన్స్‌ను సూర్యుడి వైపు పెట్టి ఉంచితే భూతద్దం కాగితాన్ని కాల్చినట్టు ఆ తెరకు చిల్లు పడుతుంది. మెడలో వేసుకున్నప్పుడు కెమెరాను లోపలి వైపు తిప్పుకోవాలి, లేదా మూత పెట్టాలి. మూత పెడితే ఇంకో తంటా. మనం చూసేది లెన్స్ నుంచి కాదు కాబట్టి మూత ఉన్నా దృశ్యం హాయిగా కనిపిస్తుంది. రీలంతా నల్లగా వస్తుంది! రీళ్లను బండి డిక్కీలో వదలకండి. ఫ్రిజ్‌లో దాచి, వాడేముందు బయట పెట్టి చల్లదనం పోయాక తెరవండి.

ఖర్చు సంగతి కూడా ముందే లెక్కేసుకోవాలి. రీలు, కడిగించడం, స్కానింగ్ కలిపి వెయ్యి దాటడం మామూలే. 36 ఫొటోలకు పంచితే ఒక్క క్లిక్కు 28 రూపాయల చొప్పున పడుతుంది. కలర్ రీలును హైదరాబాద్ లాంటి నగరాల ల్యాబ్‌లకు కొరియర్‌లో పంపాలి. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. మందునీళ్లు 20 డిగ్రీలుండాలి కనుక వేసవిలో ఐసుముక్కలు దగ్గర పెట్టుకోండి.

నెగెటివ్ మరో ఇంట్లో

ఇంత ఖర్చూ, ఇంత శ్రమా ఎందుకంటే... 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచేసింది. ఇళ్లతోపాటు మగ్గాలూ పోయాయి. మగ్గం మళ్లీ వేసుకోవచ్చు. దాని మీద కూర్చున్న నాన్న ఫొటో నీళ్లలో పోతే మళ్లీ తీయలేం. నెగెటివ్ వేరేచోట ఉంటే ఎన్నిసార్లయినా ప్రింటు వేయించుకోవచ్చు. కడిగించిన ప్రతి రీలునూ తేదీ, ఊరు, మనుషుల పేర్లు రాసి కవర్లో పెట్టండి. ప్రింట్లు మీ ఇంట్లో ఉంటే నెగెటివ్‌లు అక్కయ్యగారింట్లోనో, బాబాయిగారింట్లోనో దాచండి.

కెమెరా కొన్నాక మొదటి రీలు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. వీధిలో మగ్గాలు ఎన్ని మిగిలాయో చూసి, అక్కడి నుంచే మొదలుపెట్టండి.