రాకాసి గుళ్ళు ఎవరు కట్టారు?

ఊరి బయట గుట్ట పక్కన పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి ఉన్న చోట్లని మన జనం రాకాసి గుళ్ళంటారు. కొన్ని ఊళ్ళలో పాండవుల గుళ్ళంటారు. ఇంత బరువు మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారని లెక్క. తెల్లదొరది ఇంకో లెక్క. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1850లలో సురపురం వైపు ఇలాంటి సమాధులు తవ్వించి, వీటికి యూరప్ కెల్టులతో, సిథియన్లతో చుట్టరికం కలిపాడు. పురాణమైనా, దొర పాండిత్యమైనా చేసింది ఒక్కటే. ఇక్కడి రెక్కల్ని లెక్కలోంచి తీసేశాయి.

నిజానికి ఇందులో మర్మం తక్కువ, చాకిరీ ఎక్కువ. గొయ్యి తవ్వి, లోపల నాలుగు పక్కలా రాతి పలకలు నిలబెట్టి గూడు చేసేవాళ్ళు. చాలాచోట్ల శవం శిథిలమయ్యాక మిగిలిన ఎముకలనే తెచ్చి అందులో పెట్టారు. పక్కన కుండలు, ఇనుప కొడవళ్ళు, కత్తులు, గొడ్డళ్ళు. పైన మూతరాయి, చుట్టూ గుండ్లు. దక్కనులో ఇది క్రీస్తుకు పూర్వం వెయ్యేళ్ళకు అటూ ఇటూగా మొదలై క్రీస్తుశకం తొలి శతాబ్దాల దాకా సాగింది. ఆ కుండలు లోపలా మూతి దగ్గరా నలుపు, బయట ఎరుపు. ఆవంలో కుండని బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం నల్లబడుతుంది. ఇది తెలిసినవాడూ, రాయి కరిగించి ఇనుము తీసినవాడూ శాస్త్రజ్ఞులు కారా? 2017లో సిద్దిపేట దగ్గర నర్మెట్టలో 40 టన్నులు దాటిన మూతరాయిని లేపడానికి క్రేను తెప్పించారు. ఆనాడు దాన్ని అక్కడికి చేర్చింది మోకులూ, మోకాళ్ళూ, వందల చేతులూ.

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు వెతుక్కుని, అటునుంచటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంకి పోయి చూడండి. జనం గుమిగూడేది ఈజిప్టు మమ్మీ దగ్గర. నిజాం పురావస్తు శాఖ 1914లో పెట్టారు. దాని తొలి అధిపతి గులాం యజ్దానీ 1917లోనే మన సమాధుల కుండల మీద గీసిన గుర్తుల గురించి రాశాడు. ఆ గీతలని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. ఆరో నిజాం కొలువులో ఉండి దుకాణం నడిపిన ఆల్బర్ట్ ఆబిద్ పేరు ఒక పేట పేరై నిలిచింది. కొండలు కదిలించినవాళ్ళలో ఒక్కరి పేరూ మిగల్లేదు.

అట్లాగని అదేదో సమసమాజమని మేము మురిసిపోవడం లేదు. అంత చాకిరీ చేయించుకున్న సమాధి అందరికీ దక్కి ఉండదు. మోసినవాళ్ళు వేరు, లోపల పడుకున్నవాళ్ళు వేరు కావచ్చు. నేటి మాల మాదిగలే వాళ్ళ నేరు వారసులని తేల్చడానికీ ఎముకలు చాలవు. తొందరపడి అలాంటి మాట అంటే పాండవుల కథకి ఇంకో కథ జోడించినట్టే.

కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్ళున్నాయి. ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా తొలిచారు. జనం ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తున్నారు. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మిగతా చోట్ల మాత్రం గుండ్లు కంకరవుతున్నాయి, పొలాల చదునులో లేచిపోతున్నాయి. ఊళ్ళకి పోయే విద్యార్థులు, టీచర్లు ఈ రాళ్ళున్న భూమి ఎవరి పేరున ఉందో, అక్కడ ఏ వాడ వాళ్ళు మొక్కుతారో, బండలు కొట్టే వడ్డెరలు ఇంత రాయిని ఎట్లా కదుపుతారో అడిగి రాసి పంపితే అచ్చేస్తాం.