చెరువు గట్టు మీద డైవింగ్ లైటు

డైవింగ్ లైటు అంటే నీటి అడుగున వాడటానికి చేసిన బ్యాటరీ లైటు. అల్యూమినియం గొట్టం, లోపల ఒకటో రెండో లిథియం సెల్లులు, ముందు మందపాటి గాజు, దాని వెనక ఎల్ఈడీ, మూత దగ్గర నీటిని ఆపే రబ్బరు రింగులు, ఇంతే దాని నిర్మాణం. సముద్రంలో దిగేవాళ్ల కోసం పుట్టిన ఈ వస్తువు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. వానకూ బురదకూ చెడదు గనుక చేపల చెరువు కాపలాకు ఇంతకంటే అనువైనది ఉండదనిపిస్తుంది. కానీ పెట్టె మీద అచ్చేసిన అంకెలకూ చేతిలో వెలిగే లైటుకూ పొంతన కుదరడం అరుదు.

చేపల చెరువుల సంగతికి కలిదిండి మండలాన్నే తీసుకుందాం. అది 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. కొల్లేరు సరస్సు పరిసరాల్లోని ఈ నేలలో చేపల చెరువులూ రొయ్యల చెరువులూ గట్టుకు గట్టు ఆనుకుని ఉంటాయి. చెరువు నీటికి పచ్చదనం ఇచ్చే సూక్ష్మమైన మొక్కలు పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతాయి, రాత్రయితే అవీ చేపలతో పాటే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజాముకు అట్టడుగుకు చేరుతుంది. బొచ్చెలూ శీలావతులూ నోళ్లు తెరుచుకుని పైకి తేలేది ఆ వేళే. రొయ్యల చెరువులో నీటికి గాలి కలిపే ఏరియేటరు ఆగిపోతే ముప్పు ముంచుకొచ్చేదీ అప్పుడే. గట్టు మీద మనిషికి వెలుగు బాగా అక్కరపడేది రాత్రి మూడుకూ అయిదుకూ మధ్య. సాయంత్రం నుంచీ వెలుగుతున్న చవక లైటు సరిగ్గా ఆ వేళకే నీరసించి ఉంటుంది.

ఎందుకు నీరసిస్తుందో చిన్న లెక్కతో తేలుతుంది. ఇలాంటి లైట్లలో ఎక్కువగా ఉండేది 18650 అనే సెల్లు. ఆ పేరులోనే దాని కొలతలున్నాయి: అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. వోల్టేజి సగటున 3.6. మంచి సెల్లు 2,600 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తుందనుకుంటే, అందులో దాచిన శక్తి 9.4 వాట్ అవర్లు. చవక రకం తెల్ల ఎల్ఈడీ ఒక వాట్ కరెంటుకు ఇచ్చే వెలుగు సుమారు 100 లూమెన్లు. అంటే 1,000 లూమెన్లు కావాలంటే 10 వాట్లు పోయాలి. మధ్యలో సర్క్యూటు తినేది పదో వంతు తీసేస్తే, ఆ సెల్లుతో 1,000 లూమెన్లు నిలిచేది సుమారు 50 నిమిషాలు. అదే లైటును 100 లూమెన్లకు తగ్గించి వాడితే రాత్రంతా, అంటే ఎనిమిది గంటల పైన, వెలుగుతుంది.

ఇప్పుడు పెట్టె మీది మాటలు చూడాలి. '10,000 లూమెన్లు, 6 గంటలు' అని ఉంటే దానికి 600 వాట్ అవర్లు కావాలి. అది 12 వోల్టుల, 50 ఆంపియర్ అవర్ల కారు బ్యాటరీ మొత్తంలో ఉండే శక్తి. బొటనవేలంత సెల్లులో అంత పట్టదు. సెల్లు మీద '9,900 మిల్లీ ఆంపియర్ అవర్లు' అన్న రాత కూడా ఇదే బాపతు. ఈ కొలత సెల్లుల్లో పేరున్న కంపెనీలవి కూడా 3,500 దరిదాపుల్లోనే ఉంటున్నాయి. దొంగ సెల్లును పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, కాటా చాలు. అసలు 18650 సెల్లు 45 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. 30 గ్రాములే తూగితే లోపల సరుకు తక్కువన్నమాట. పైన పెద్ద గొట్టం చుట్టి, లోపల చిన్న సెల్లు పెట్టి, మిగతా ఖాళీని ఏదో పొడితో నింపినవీ బయటపడ్డాయి.

వెలుగు తగ్గే తీరులో కూడా రెండు రకాలున్నాయి. నిండా ఛార్జయిన లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర మొదలై, వాడుతున్న కొద్దీ 3 వోల్టుల వైపు జారుతుంది. చాలా చవక లైట్లలో సెల్లుకూ ఎల్ఈడీకీ మధ్య పేరుకే సర్క్యూటు ఉంటుంది. అందుకని వోల్టేజి జారిన కొద్దీ వెలుగూ జారుతుంది. మంచి లైటులో కరెంటును ఒకే స్థాయిలో నిలబెట్టే సర్క్యూటు ఉంటుంది. అది చివరిదాకా ఒకే తీరున వెలిగి, ఆ తర్వాత గబుక్కున పడిపోతుంది. గంటల లెక్కలో కూడా మెలిక ఉంది. 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం, లైటు వెలిగించిన 30 సెకన్ల దగ్గర కొలిచిన వెలుగు అందులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయమే దాని 'రన్ టైమ్'. అంటే నిజాయితీగా '5 గంటలు' అని రాసిన లైటు కూడా అయిదో గంటలో మిణుకుమిణుకుమంటూ ఉండవచ్చు. కంటికి ఇది పట్టుబడదు. వెలుగు మెల్లగా సగానికి తగ్గినా చూసేవాడికి పెద్ద తేడా తెలియదు. పక్కన కొత్త సెల్లుతో ఇంకో లైటు వేస్తేనే తెలుస్తుంది.

డైవింగ్ లైటును గట్టు మీద వాడటంలో అంతగా ఎవరూ పట్టించుకోని చిక్కు వేడి. ఎల్ఈడీకి ఇచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. నీటిలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీరే ఆ వేడిని లాగేస్తుంది. ఆ ధీమాతోనే తయారీదారు చిన్న గొట్టంలోకి ఎక్కువ వాట్లు దూరుస్తాడు. అదే లైటును మే నెల ఉక్కపోతలో, గాలిలో పూర్తి వెలుగుతో పట్టుకుంటే కొద్ది నిమిషాల్లో చేయి కాలుతుంది. వేడెక్కిన ఎల్ఈడీ వెలుగు తగ్గుతుంది, పక్కనే ఉన్న సెల్లు ఆయుష్షు కూడా తరుగుతుంది. నీటి కోసం చేసిన వస్తువు గాలిలో చెడిపోవడం విచిత్రంగా ఉన్నా, చెడేది అలాగే.

పోనీ నీటిలోకే వేస్తే? సముద్రంలో ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం లోతుకు వెళుతుంది. చెరువులో వ్యవహారం తలకిందులు. పచ్చని నీటిలోని సూక్ష్మ మొక్కలూ, కుళ్లిన ఆకూ అలమూ నీలాన్ని ముందే మింగేస్తాయి. అందుకే నీలం ఛాయ కొట్టే తెల్ల ఎల్ఈడీ కంటే కాస్త పసుపుగా వెలిగేది ఇక్కడ మెరుగు. నీటి తేటదనాన్ని కొలిచే సాధనాన్ని ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో వాడుకలోకి తెచ్చాడు. అదొక బిళ్ళ. చెరువుల్లో వాడే నలుపు తెలుపు బిళ్ళను తాడు కట్టి దించుతారు, అది కంటికి కనబడకుండా పోయే లోతే కొలత. బాగా సాగే చేపల చెరువులో అది 30, 40 సెంటీమీటర్లుంటుంది. అలాంటి నీటిలో ఒక మీటరు దిగేసరికి మిగిలే కాంతి వందో వంతుకు అటూ ఇటూ. లైటును పది రెట్లు పెంచినా ఆ వెలుగు అదనంగా దిగేది అర మీటరే. పైగా నీటిలో తేలే రేణువులు కాంతిని వెనక్కి కొడతాయి, పొగమంచులో కారు పెద్ద లైటు వేసినట్టు కళ్లముందు తెల్లటి తెర లేస్తుంది. కాబట్టి గట్టు మీద లైటుతో చూసేది నీటి అడుగును కాదు, నీటి పైభాగాన్ని: తేలిన చేపలను, ఏరియేటరు చిమ్మే నురగను, వెలుగు తగలగానే నిప్పురవ్వల్లా మెరిసే రొయ్యల కళ్లను. ఇందుకు నీటిని ఛేదించే లైటు అక్కర్లేదు, దూరానికి పోయే సన్నని కాంతి చాలు. బురద నీటిలో వెలుగు ఎంత నిస్సహాయమో 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు తెలిసింది. వరద నీటిలో దాని జాడను శబ్ద తరంగాలతో వెతికారు. పడవ బయటికొచ్చింది అక్టోబర్ 22న.

నీరు చొరకపోవడం విషయంలో పెట్టె మీది '100 మీటర్లు' చెరువుకు అక్కర్లేని గొప్ప. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. రెండు మీటర్ల చెరువులో పెరిగేది అందులో అయిదో వంతే. ఆ కాస్త పీడనానికైనా రబ్బరు రింగు మీద పడిన ఒక వెంట్రుకో ఇసుక రేణువో దారి ఇస్తుంది. లోపల సెల్లు తీసేసి, పొడి కాగితం ముక్క పెట్టి, మూత బిగించి, బకెట్ నీటిలో ఒక రాత్రి ఉంచితే పొద్దున కాగితమే చెబుతుంది. పక్కన ఛార్జింగ్ రంధ్రం, దానిపై రబ్బరు బిరడా ఉన్నవి ముందు కారతాయి. గొట్టానికి చిల్లు లేకుండా అయస్కాంతంతో నడిచే స్విచ్చు ఉన్నవి మేలు. రింగుకు సిలికాన్ గ్రీజు రాయాలి. కొబ్బరి నూనె, వాజలీన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి వదులు చేస్తాయి. ఉప్పుటేరు పోటుతో ఉప్పదనం ఎక్కే నీళ్లలో తడిసిన లైటును మంచినీళ్లతో కడగకపోతే స్ప్రింగు దగ్గర పచ్చని చిలుము పడుతుంది, సెల్లు నిండా ఉన్నా లైటు వెలగదు.

లోపలికి నీరు పోయి తడిసిన లిథియం సెల్లు వాయువు విడుదల చేయవచ్చు. బయటి నీటిని ఆపిన రింగులే ఆ వాయువునూ లోపల బంధిస్తాయి. అలాంటి లైటును గాజు గానీ మూత గానీ ముఖం వైపు లేకుండా, ఆరుబయట, మర మెల్లగా వదులు చేస్తూ విప్పాలి. ఆ సెల్లును మళ్లీ ఛార్జింగ్‌లో పెట్టకూడదు.