మూకీల కాలం నుంచి దర్శకత్వం దాకా: పైడి జైరాజ్

కరీంనగర్ ప్రాంతంలో 1909లో జన్మించిన పైడి జైరాజ్ బొంబాయి చేరి, మాటలు లేకుండా హావభావాలతోనూ మధ్యమధ్య వచ్చే రాతపలకలతోనూ కథ నడిపే మూకీ చిత్రాలలో నటుడిగా నిలదొక్కుకున్నాడు. మాటలాడే చిత్రాలు, అంటే టాకీలు వచ్చాక మూకీ తారలెందరో తెరమరుగైనా ఆయన నిలిచాడు. నిజాం సంస్థానంలో పెరిగినవానికి ఉర్దూ పరాయిది కాకపోవడం ఇందుకు తోడ్పడి ఉంటుంది. చారిత్రక వీరుల పాత్రలతో పేరు పొందిన ఆయన, బాంబే టాకీస్ సంస్థ కోసం దిలీప్ కుమార్ తొలినాళ్ల చిత్రం 'ప్రతిమ' (1945)కు దర్శకత్వం వహించాడు; తరువాత 'మొహర్' (1959)కూ ఆయనే దర్శకుడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఈ తెలంగాణ కళాకారుడి జీవితమంతా ప్రధానంగా హిందీ తెరపైనే సాగడం వల్ల కాబోలు, సొంతగడ్డ ఆయనను ఆలస్యంగా గుర్తించింది. ఆయన 2000లో ముంబైలో కన్నుమూశాడు.