బాగుందన్న వాళ్లంతా కొనరు

నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి వ్యాపారం పెడదామనుకునే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తున్నారు. ఉద్యోగం మానేసి, ఇంట్లోవాళ్ల పొదుపు కూడా పెట్టి దిగేవాళ్లున్నారు. అందుకే మార్కెట్ పరిశోధన సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చాలామంది చేసేది ఒకటే: గూగుల్ ఫారం తయారుచేసి, 'ఇలాంటి యాప్ వస్తే వాడతారా?' అని వాట్సాప్ గ్రూపుల్లో అడగడం. స్నేహితులూ చుట్టాలూ 'తప్పకుండా' అని నొక్కేస్తారు. మొహమాటం కొద్దీ చెప్పిన మాట అది. దాన్ని నమ్మి ఏడాదిపాటు కోడ్ రాయడం ప్రమాదం.

రేపు ఏం చేస్తారని కాకుండా, మొన్న ఏం చేశారని అడగాలి. మెడికల్ షాపులకు సాఫ్ట్‌వేర్ చేద్దామనుకున్నారనుకోండి. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఏదో ఒక షాపుకు, ఓపీ రద్దీ తగ్గాక మధ్యాహ్నం పూట వెళ్లండి. 'స్టాక్ చూసుకోవడానికి యాప్ కావాలా అండీ?' అంటే 'కావాలి బాబూ, పెట్టండి' అంటారు. అక్కడితో మాట అయిపోతుంది. అదే 'పోయిన నెల ఎక్స్‌పైరీ సరుకు ఎంత వెనక్కి పంపారు? ఎవరు ఏరారు? క్రెడిట్ నోట్ వచ్చిందా?' అని అడగండి. కౌంటర్ కింద నుంచి అట్టపెట్టె బయటికి రావచ్చు. అందులో సగం కోసిన స్ట్రిప్పులు, చెరిగిపోయిన బ్యాచ్ నంబర్లు, డిస్ట్రిబ్యూటర్ తీసుకోనన్నవి. పక్కనే షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ ఉంటుంది. 2014 మార్చి నుంచి ఆ జాబితాలోని మందులు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చిందీ రాసి 3 ఏళ్లు దాచాలి. ఆ పుస్తకం ఎవరు రాస్తున్నారో, రోజూ రాస్తున్నారో వారానికోసారి కూర్చుని నింపుతున్నారో చూడండి. ఫారంలో ఏ గడీలోనూ ఇవి పట్టవు.

ఆ తర్వాత అసలు ప్రశ్న: ఈ బాధ తప్పించుకోవడానికి ఇప్పటిదాకా ఏం ఖర్చుపెట్టారు? లెక్కలు చూడటానికి ఒక మనిషిని పెట్టుకున్నా, ఏదో సాఫ్ట్‌వేర్ కొని సగంలో వదిలేసినా, అక్కడ మార్కెట్ ఉన్నట్టే. ఎందుకు వదిలేశారో తప్పకుండా అడగండి. ఏళ్ల తరబడి విసుక్కుంటూనే రూపాయి కూడా తీయని మనిషి మీకూ తీయరు. ఇంకో సంగతి. డబ్బిచ్చేది యజమాని, వాడేది కౌంటర్ మీది కుర్రాడు. 'మా ఆడిటర్ గారు ఏది చెబితే అదే' అనే షాపులూ ఎన్నో. ముగ్గురితోనూ మాట్లాడితే తప్ప బొమ్మ పూర్తికాదు.

ధర సంగతి మాటల్లో తేలదు. దీనికి బఫర్ కథ మంచి ఉదాహరణ. సోషల్ మీడియా పోస్టులను ముందే వరుసపెట్టి ఉంచే ఈ సేవను జోయెల్ గాస్కోయిన్ 2010లో ఇంగ్లాండులో మొదలుపెట్టారు. తయారుచేయకముందే ఒక వెబ్ పేజీ పెట్టి, అందులో 'ధరలు' అనే బటన్ ఉంచారు. నొక్కినవాళ్లకు 'ఇంకా సిద్ధం కాలేదు, ఈమెయిల్ ఇవ్వండి' అని కనిపించేది. తర్వాత మధ్యలో ధరల పేజీ చేర్చారు: ఒకటి ఉచితం, రెండు నెలకు ఇంతని డబ్బు కట్టేవి. డబ్బు కట్టే పథకాలను కూడా కొందరు ఎంచుకున్నారని చూశాకే కోడ్‌కు కూర్చున్నారు.

ఇక లెక్క. 'దేశంలో ఇన్ని లక్షల షాపులున్నాయి, 1 శాతం వచ్చినా చాలు' అనే మాట పక్కన పెట్టండి. మీ మనిషి రోజుకు 6 షాపులు, నెలకు 25 రోజులు తిరిగితే 150 షాపులు. పదింట ఒకటి కొంటే 15 మంది ఖాతాదార్లు. జీతం, పెట్రోలు కలిపి 30,000 అనుకుంటే ఒక్కొక్కరికి 2,000 ఖర్చు. నెల చందా 500 అయితే ఆ డబ్బు తిరిగి రావడానికే 4 నెలలు. సర్వర్ ఖర్చు, ఫోన్లో సమాధానం చెప్పేవాళ్ల జీతం దీంట్లో లేవు. నెలకు 100కు 5 మంది చొప్పున మానేస్తుంటే, ఏడాది తిరిగేసరికి ఇవాళ్టి 100 మందిలో మిగిలేది 54 మందే. చందా వ్యాపారంలో రెండో నెల, ఆరో నెల ఎందుకు కడతారన్నది మొదటి అమ్మకం కంటే పెద్ద ప్రశ్న. షాపులో ఆ పని రోజూ ఉంటుందా, ఏడాదికోసారి వస్తుందా అన్నది కనుక్కుంటే సగం జవాబు దొరుకుతుంది.

డబ్బు ఏ దారిన వస్తుందో కూడా పరిశోధనలో భాగమే. కార్డు నుంచి నెలనెలా దానంతటదే డబ్బు కోసుకునే పద్ధతికి రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. ముందుగా సందేశం పంపాలి, 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. 2022లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. యూపీఐ ఆటోపే 2020 నుంచే ఉంది. మీ షాపువాళ్లు దానికి ఒప్పుకుంటారా, ఏడాదికి ఒకేసారి ఇస్తామంటారా అన్నది అడిగి తెలుసుకోవాలి. మీరు జీఎస్టీ పరిధిలోకి వచ్చాక 500 చందా 590 అవుతుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి ఆ 90 వెనక్కి రాదు.

ఎంతమందితో మాట్లాడాలంటే, కొత్త జవాబు రావడం ఆగేదాకా. ఆ తర్వాత చేతిలో కాగితం మీద గీసిన స్క్రీన్లు పట్టుకుని వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లండి. నచ్చకపోతే తిరిగిచ్చేస్తామని రాసిచ్చి, మూడు నెలల చందా ముందుగా అడగండి. ఐదుగురైనా ఇవ్వకపోతే కోడ్ మొదలుపెట్టకండి.