డాబా మీది వేడినీళ్ళు వంటగదికి ఎందుకు ఆలస్యమవుతాయి?

– ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), పూర్వ విద్యార్థి

మన హాస్టల్ డాబా మీద సోలార్ హీటర్ ఉంది. సాయంత్రానికి దాని ట్యాంకులో నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి. ట్యాంకు చుట్టూ పఫ్ పొర ఉండటం వల్ల ఆ వేడి తెల్లవారేదాకా చాలావరకు నిలుస్తుంది. అయినా పొద్దున అయిదు గంటలకు వంటగది సింకు దగ్గర కుళాయి తిప్పితే మంచులాంటి నీళ్ళే వస్తాయి. రాత్రి పప్పు జిడ్డు గడ్డకట్టిన గంజులను కామాటి అక్క ఆ నీళ్ళతోనే తోముతుంది. నాలుగు నిమిషాలు ఆగితే వేడినీళ్ళు వస్తాయని ఆమెకు తెలుసు. ఆ నాలుగు నిమిషాలు తూములోకి పోయే నీళ్ళు మన స్నానాలకు తక్కువ పడతాయనీ తెలుసు. అందుకే ఆగదు. జనవరిలో ఆమె వేళ్ళు చూసినవాళ్ళెవరూ దీన్ని చిన్న విషయం అనరు.

సోలార్ పాడైందని కొందరు, ఎండ చాలలేదని కొందరు అంటుంటారు. అసలు సంగతి గొట్టంలో ఉంది తమ్ముళ్ళూ. కుళాయి కట్టేసినప్పుడు గొట్టం ఖాళీ కాదు. నిండుగానే ఉండి రాత్రంతా చల్లారుతుంది. పొద్దున ముందు ఆ చల్లారిన నీళ్ళన్నీ బయటికి పోతేనే ట్యాంకు నీళ్ళకు దారి. భోజనాల క్యూలో ముందున్నవాళ్ళు కదిలితే గాని మన ప్లేటులో అన్నం పడదు కదా!

ఎన్ని నీళ్ళు పోవాలో మీరే లెక్క కట్టవచ్చు. స్థూపం ఘనపరిమాణం, పై ఆర్ స్క్వేర్ హెచ్, టెన్త్‌లో చదివిందే. అంగుళం ఇనుప గొట్టంలో మీటరుకు సుమారు 550 మిల్లీలీటర్లు పడతాయి. డాబా మీది నుంచి బాత్రూముల మీదుగా చుట్టి వంటగదికి వచ్చేసరికి 40 మీటర్లు అనుకుందాం. అంటే 22 లీటర్లు. రోజుకు మూడుసార్లు వదిలితే 66, నెలకు దాదాపు 2000 లీటర్లు. రెండున్నర నెలలకు 5000 లీటర్ల ట్యాంకరు ఒకటి తూము పాలన్నమాట. బోర్లు ఎండే చోట ఇది తక్కువేమీ కాదు.

ఇంతటితో అయిపోలేదు. చల్లటి ఇనుమును కూడా వేడినీళ్ళే వేడెక్కించాలి. అంగుళం గొట్టం మీటరుకు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. 40 మీటర్లంటే 96 కిలోలు. ఒక కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి కిలో నీటికి కావలసిన వేడిలో తొమ్మిదో వంతు చాలు. ఆ లెక్కన గొట్టం ఒక్కటే పది, పదకొండు లీటర్ల నీళ్ళ వేడిని తాగేస్తుంది. అందుకే చన్నీళ్ళు పోయాక కూడా కాసేపు గోరువెచ్చగానే వస్తాయి. నిమిషానికి 8 లీటర్లు వచ్చే కుళాయికి మొత్తం నాలుగు నిమిషాలు పట్టడానికి కారణమిదే.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. సెలవులకు వెళితే ఫిజిక్సు అంటే ఏమిటో అమ్మకు చెప్పాల్సి వస్తుంది. ఈ లెక్క చెప్పగానే, "అయితే సన్న గొట్టం ఎయ్యొచ్చు గదరా?" అంది. గొట్టం వేయించినవాళ్ళకు తోచని మాట అది! లావు గొట్టం వేస్తే నీళ్ళు తొందరగా వస్తాయని మనవాళ్ళ నమ్మకం. చన్నీళ్ళకు అది సరే. వేడినీళ్ళకు మాత్రం ఎంత లావైతే అంత ఆలస్యం. వంటగదికి విడిగా అరంగుళం గొట్టం వేస్తే మీటరుకు 200 మిల్లీలీటర్లే, అంటే 8 లీటర్లు. అడ్డదారిన తెచ్చి 25 మీటర్లకు తగ్గిస్తే 5 లీటర్లు. ఇనుము బదులు సీపీవీసీ వాడితే గొట్టం తాగే వేడీ తగ్గుతుంది. మామూలు పీవీసీ మాత్రం వేడికి మెత్తబడుతుంది, వద్దు. రెండంతస్తుల ఎత్తులో ట్యాంకు ఉంటే అరంగుళంలోనూ ధార బాగానే వస్తుంది. సున్నపు పొర కట్టే బోరు నీళ్ళయితే ముప్పావు అంగుళమే మేలు.

గొట్టానికి నురగ తొడుగు చుడితే చాలని చెబుతారు. చుట్టాలి, కానీ దాని ఉపయోగం ఎంతవరకో తెలియాలి. ఒక గంజు తోమి ఇంకొకటి తెచ్చేలోపు నీళ్ళు చల్లారకుండా కాపాడుతుంది. రాత్రి తొమ్మిదికి కట్టేసిన గొట్టాన్ని తెల్లారి అయిదు దాకా అది కాపాడలేదు.

పెద్ద హోటళ్ళలో సింకు నుంచి ట్యాంకుకు తిరుగు గొట్టం వేసి నీళ్ళను తిప్పుతారు. వేడి నీరు తేలిక, పైకి పోతుంది. కాబట్టి బాయిలరు కింద ఉండి కుళాయిలు పైన ఉంటే నీళ్ళు వాటంతటవే తిరుగుతాయి. మనకు హీటరే పైన ఉంది. వేడినీళ్ళు అక్కడే కూర్చుంటాయి, కిందికి రావు. చిన్న పంపు తప్పదు. దాన్ని రాత్రంతా తిప్పితే ట్యాంకు వేడి గోడల పాలవుతుంది. సింకు పక్కన స్విచ్చి పెట్టి, పని మొదలుపెట్టే ముందు కొద్ది నిమిషాలు వేస్తే సరిపోతుంది.

ఇంకో దారి, సింకు దగ్గరే 15 లీటర్ల గీజరు. 20 డిగ్రీల నీళ్ళను 50 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కరెంటు, 2 కిలోవాట్లదైతే పావుగంట సమయం. తడి నేల కనుక ఎర్తింగు ఉండి తీరాలి. గదుల్లో బకెట్లలో వేసే రాడ్లను మాత్రం వంటగదిలోకి రానివ్వకండి, షాకుతో ప్రాణాలు పోతాయి.

గొట్టం మార్చడానికి బిల్లు మంజూరు కావాలి, దానికెన్నాళ్ళో చెప్పలేం. ఈలోగా కుళాయి కింద రెండు బకెట్లు పెడితే ఆ 22 లీటర్లు దక్కుతాయి. రాత్రంతా ఇనుప గొట్టంలో నిలిచినవి కనుక తాగడానికి, వంటకు వద్దు. నేల కడగడానికి, గంజులు నానబెట్టడానికి వాడవచ్చు. రేపు పొద్దున ఎవరైనా ఒకరు గడియారంతో అక్క పక్కన నిలబడి, వేడినీళ్ళు వచ్చేలోపు ఎన్ని బకెట్లు నిండాయో రాసిపెట్టండి. వార్డెన్ సారుకిచ్చే అర్జీలో ఆ అంకె మొదటి లైనులో ఉండాలి.