మూగవోయిన రేడియో

దసరాకో సంక్రాంతికో అటకలు దులుపునపుడు, పారవేయుటకు మనసొప్పక, వాడుకొనుటకు వీలుగాక, ఏండ్లతరబడి మూలబడియున్న వస్తువులు ప్రతి యింటను బయటపడుచుండును. తెగిన ఉయ్యాల గొలుసులు, చిల్లుపడిన గంగాళములు, వానితోపాటు ఒక పాత రేడియోయో, గ్రామఫోనో, ఇటీవలి సంసారములలోనైనచో ఒక పాత కంప్యూటరో కానవచ్చును. గంగాళమునకు మాటు వేయింపవచ్చునని మనకు చిన్ననాటినుండి తెలియును. రేడియోకును అట్టి మాటు కలదని మనలో పెక్కుమంది యెఱుగరు. ఎఱిగినను అది మగవారి పనియని యూరకుందురు. మేమును రెండేండ్ల క్రిందటివరకు అట్టివారమే. మా తప్పిదమువలన ఒక మంచి రేడియో మా కన్నులయెదుటనే పొగలు గ్రక్కిన పిదపగాని మాకు బుద్ధి రాలేదు. ఆ కథయు, దానివలన నేర్చిన నాలుగు మాటలును చదువరులకు విన్నవించుకొనుచున్నాము.

మా కాపురము హైదరాబాదులోని తార్నాకయందు. మా మామగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉద్యోగము చేసినవారు. తొలుత ఆవరణలోని క్వార్టర్సులో నుండి, తరువాత తార్నాకలో నిల్లు కట్టుకొనిరి. 1959లో, మా అత్తగారు కాపురమునకు వచ్చిన మరుసటి యేట, ఆయన ఒక ఐదువాల్వుల రేడియో కొనిరి. నున్నని కఱ్ఱపెట్టె, ముందుభాగమున బంగారువన్నె నేతగుడ్డ, దానిక్రింద అద్దముపై వరుసగా దేశదేశముల నగరముల పేర్లు. ఆ దినములలో రేడియో కొన్నంతమాత్రమున చాలదు. 1933 నాటి చట్టము ననుసరించి దానికి లైసెన్సు ఉండవలెను. ఏటేట తపాలాకచేరిలో రుసుము చెల్లింపవలెను. ఆ నియమము 1980వ దశకమునగాని తొలగలేదు. మామగారి పేరుగల లైసెన్సు పుస్తకము, తపాలాముద్రలతో సహా, నేటికిని మా బీరువాలో నున్నది. రేడియో ముందుగదిలో ఎత్తైన బల్లపై నుండెడిది. ఆయన తప్ప మఱెవ్వరును దాని మీట త్రిప్పరాదు. అత్తగారు వంటింటి గడపయొద్ద నిలిచి, చేతిపని మానకయే, వినెడివారు.

వినుటకు కొదవలేదు. హైదరాబాదులో 1935 నుండి నిజాము ప్రభుత్వము నడపిన దక్కను రేడియో 1950 ఏప్రిలు 1న ఆలిండియా రేడియోలో కలిసినది. 1938 జూను 16న మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును అంతకుముందే ఏర్పడియుండెను. 1957లో వివిధభారతి వచ్చినది. సింహళమునుండి హిందీపాటలు సరేసరి. తరువాత చేతిలో నిముడు ట్రాన్సిస్టరులు వచ్చినవి, టెలివిజను వచ్చినది. పెద్దపెట్టె అటక యెక్కినది. మామగారును గతించిరి.

రెండేండ్ల క్రిందట అత్తగారికి చెవులు మందగింపసాగినవి. ఎనుబది దాటిన వయస్సు. వినికిడి ఇంకను తగ్గునేగాని పెరుగదని వైద్యులు చెప్పిరి. ఒకనాటి సాయంకాలము ఆమె, "అమ్మాయీ, అటకమీద ఆ రేడియో ఇంకా పలుకుతుందంటావా?" అని యడిగిరి. ఆమె నోరువిప్పి యొక వస్తువు నడుగుట మే మెఱుగము. ఉత్సాహముతో దానిని దింపి, దుమ్ము తుడిచి, వెంటనే గోడలోని ప్లగ్గులో గ్రుచ్చితిమి. అద్దమువెనుక దీపము వెలిగినది. సన్నని ఝంకారము వినవచ్చినది. అత్తగారి ముఖము వికసించినది. అంతలో మాడువాసన, వెనుకవైపునుండి పొగ. తీగ లాగివేసితిమి గాని, అప్పటికే జరుగవలసినది జరిగిపోయెను. ఆమె ఒక్కమాటయు అనక లేచి లోపలికి పోయిరి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మా మేనకోడలు విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్నది. మఱునాడు ఆ పిల్లను వెదకికొని ఆవరణకు పోతిమి. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిభవనపు మెట్లపై కూర్చుండి, నోటుపుస్తకమున బొమ్మ గీచి, ఆమె జరిగినది విడమరచి చెప్పినది. వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. లోపలి తీగ కాగినపుడు ఎలక్ట్రానులు బయలుదేరి ఎదుటి పలకను చేరును. ఆ ప్రవాహమును నడుమనున్న సన్ననిజాలి అదుపు చేయును. కనుకనే పాతరేడియో మీట త్రిప్పగానే పాడదు. అర నిమిషము కాగవలెను. ఒక వాల్వునకును మఱియొకదానికిని నడుమ, పాటను మాత్రము పోనిచ్చి హెచ్చు వోల్టేజిని ఆపుటకు, జల్లెడవలె ఒక కండెన్సరు ఉండును. ఆ కాలపు కండెన్సరులు మైనము పట్టించిన కాగితముతో చుట్టినవి. ఏండ్లు గడచినకొలది అవి చెమ్మపీల్చి, ఆపవలసినదానిని కార్చివేయును. అప్పుడు చివరి వాల్వు మితిమీరి ప్రవహించి, స్పీకరునకు ముందున్న ట్రాన్స్ఫార్మరును మాడ్చివేయును. "రేడియో తప్పేమీ లేదత్తయ్యా, మనం తొందరపడ్డాం" అని ఆ పిల్ల నవ్వినది. మాకు నవ్వు రాలేదు. అయినను మాడినది ఏదో, ఏల మాడినదో తెలిసినంతనే సగము భయము తీరిపోయినమాట నిజము.

ఆనాటినుండి మా యింటి వెనుకవసారా ఒక చిన్న పనిచోటైనది. మొదట నేర్చినది సీరీస్ బల్బు. ఏండ్లతరబడి వాడని యంత్రమును నేరుగా ప్లగ్గునకు తగిలింపక, దానితో వరుసలో ఒక నూరువాట్ల పాతరకము బల్బును కలుపవలెను. లోపల ఎచ్చటనైన తీగలు కలిసిపోయియున్నచో బల్బు పూర్తిగా వెలుగును. యంత్రము నష్టపడకుండ మనకు హెచ్చరిక యందును. బాగుగానున్నచో బల్బు ఒకమారు వెలిగి మసకబారును. పది నిమిషములలో తయారగు ఈ సాధనము మా కానాడు తెలిసియున్నచో పొగ చూడవలసిన పని లేకపోయెడిది.

కాగితపు కండెన్సరులన్నిటిని తీసి క్రొత్తవి వేసితిమి. అవి కోఠీలోని గుజరాతీగల్లీలో కూరగాయలవలె లెక్కపెట్టి అమ్ముదురు. మాడిన ట్రాన్స్ఫార్మరును మోటారుతీగలు చుట్టు ఒక పనివానికి ఇచ్చితిమి. వెండ్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టవలసిన పని. రెండుసార్లు తెగినది, మూడవసారి నిలిచినది. చివరి వాల్వు మాత్రము క్రొత్తది కావలసివచ్చెను. వాల్వులు ఈ దేశమున ఇప్పుడు తయారుగావు. జుమ్మెరాత్ బజారులోను, ఎఱ్ఱగడ్డ ఆదివారపుసంతలోను పాతసామానుల గుట్టల నడుమ వెదకుచు మూడు నెలలు తిరిగితిమి. పాతనగరమున మహబూబ్ రేడియో సర్వీసువంటి, తరతరములుగా ఈ పనికి పేరుపడిన దుకాణములు గల ఊరు గనుక, చెప్పువారికి కొదవలేదు. మొత్తము ఖర్చు నాలుగువేల రూపాయలు దాటలేదు. కాలము మాత్రము ఎనిమిది నెలలు పట్టినది.

ఇచ్చట ఒక్క హెచ్చరిక. వాల్వు రేడియో లోపల సాధారణముగా సుమారు రెండువందల యేబది వోల్టుల శక్తి పరుగెత్తుచుండును. ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సరులలో అది కొంతసేపు నిలిచియుండును. పాత టెలివిజనులు, కంప్యూటరు తెరలలోనైతే వేలవోల్టులు. పిల్లలు తిరుగాడుచోట పెట్టె విప్పియుంచరాదు. తెలిసినవారు ప్రక్కనుండక మొదటిమారు చేయి పెట్టరాదు. కొన్ని చౌకరకపు రేడియోలకు లోపల పవర్ ట్రాన్స్ఫార్మరు ఉండదు. వాని యినుపచట్రమే కరెంటుతో నుండును. అట్టివానిని నేర్చుకొనువారు ముట్టకుండుటయే మేలు.

పెట్టెను బాగుచేయుట మన చేతులకు ఎక్కువ అలవాటైన పని. దాని మెఱుగు లక్కను స్పిరిటులో కరగించి పూసినది. లాడ్‌బజారు గాజులకు వాడునదియు లక్కయే. నిమిషమునకు డెబ్బదియెనిమిది మారులు తిరుగు పాత గ్రామఫోను రికార్డులలోనిదియు లక్కయే. కనుకనే ఆ రికార్డులను స్పిరిటుతో తుడువరాదు, కరగిపోవును. పలుచని సబ్బునీటితో, నడుమనున్న కాగితము తడియకుండ, మెత్తనిగుడ్డతో గీతలవెంట తుడిచి నీడ నారబెట్టవలెను. ఉక్కుసూదిని ప్రతి ప్రక్కకు మార్చవలెను. అరిగిన సూది పాటను తినివేయును.

ఇంతలో మా మేనకోడలు ఎఱ్ఱగడ్డ సంతనుండి 1990 ప్రాంతపు కంప్యూటరు నొకదానిని తెచ్చినది. లోపలి బ్యాటరీ కారి, పలకపై పచ్చని చిలుము పట్టియుండెను. ఆ బ్యాటరీ రసము క్షారము; దానికి విరుగుడు మన వంటింటి వెనిగరే. దూదితో తుడిచి, శుభ్రమైన నీటితో కడిగి, బాగుగా ఆరిన తరువాత, తెగిన గీతలను సన్నతీగతో కలిపినది. తెరపై అక్షరములు వచ్చిననాడు హాస్టలులోని పిల్లలందఱు గుమిగూడి చూచిరట. దాని జ్ఞాపకశక్తి నాలుగు మెగాబైట్లు; నేటి చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమున కది చాలకపోవచ్చును. అయినను, ఏ భాగము ఏ పని చేయునో కంటితో చూచి నేర్చుకొనుటకు అట్టి యంత్రమే తగినది.

ఈ విద్య మన ప్రాంతమునకు పరాయిది గాదు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, తార్నాకకు కొన్ని మైళ్ల దూరముననే, 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసినది. ఆ తరపు కంప్యూటరులలో జ్ఞాపకశక్తి యనగా సన్ననితీగలకు పూసలవలె గ్రుచ్చిన అయస్కాంతపు వలయములు. లోకమున ఆ గ్రుచ్చుపని అధికముగ స్త్రీల చేతులమీదనే జరిగినది. యుద్ధకాలమున ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కున కొలోసస్ యంత్రములను నడపినవారును స్త్రీలే. ఆ యంత్రమునే ఇటీవల ఔత్సాహికులు ఏండ్లతరబడి శ్రమించి మరల నిర్మించిరి. యంత్రములు మనవి గావను మాట ఎవరు పుట్టించిరో గాని, అది నిజము గాదు.

కొనదలచినవారికి మా యనుభవము చెప్పెదము. మెఱుగు చూచి మోసపోరాదు. వెనుకపలక విప్పించి చూడవలెను. పేర్లుగల అద్దము పగిలినచో మరల దొరకదు. చెదపట్టిన పెట్టె నిలువదు. అన్ని భాగములు దుమ్ముతోనే యున్నచో అది మంచి గుర్తు, ఎవరును చెడగొట్టలేదన్నమాట. పని చేయునో లేదో చూపుమని దుకాణములో ప్లగ్గు పెట్టింపరాదు. ఒకటి పలికినదాక రెండవది కొనరాదు. ఈ చివరిమాట మేమే తప్పితిమి. మూడు రేడియోలు, ఒక గ్రామఫోను వసారాలో చేరినపిదప, మా యింటివారు మెల్లగా, "వడియాలు ఎక్కడ పెడతావు?" అని యడిగిరి. రెండింటిని మా మేనకోడలి స్నేహితురాండ్రకు ఇచ్చివేసితిమి.

గత కార్తికమాసమున ఒకరాత్రి రేడియో సిద్ధమైనది. రాత్రియే ఎందుకనగా, పగటివేళ ఆకాశపు పైపొరలలో నొకటి మీడియం వేవు తరంగములను పీల్చివేయును. చీకటిపడగా అది పలుచబడి, దూరపుకేంద్రములు వినవచ్చును. అత్తగారిని పిలిచి కుర్చీవేసితిమి. సీరీస్ బల్బు వెలిగి మసకబారినది. అర నిమిషము మా ఊపిరి నిలిచిపోయినది. పిదప గరగర వినవచ్చెను. మేము మీటవైపు చేయి చాపబోవ, మా మేనకోడలు ఆపి, "బామ్మగారూ, మీరు తిప్పండి" అన్నది.

"నేనా?" అనిరి. ఒకక్షణము ముందుగది గుమ్మమువైపు, ఎవరైన వత్తురేమో యన్నట్లు, చూచిరి. పిదప రెండువ్రేళ్లతో మీట పట్టి మెల్లగా త్రిప్పిరి. ముల్లు పేర్లవెంట కదలినది. విజయవాడ పలికినది; ఎవరో వీణ వాయించుచుండిరి. ఆమె నేతగుడ్డకు చెవి యానించి, కఱ్ఱపై అరచేయి యుంచి, చాలసేపు అట్లే యుండి, "ముప్పై ఏళ్లు విన్నాను గాని, దీని చెవి పట్టుకోవడం ఇదే మొదలు" అనిరి.

దేశమున మీడియం వేవు కేంద్రములు ఒక్కొక్కటిగ మూతపడుచున్నవి. కొన్నాళ్లకు ఈ పెట్టెకు పట్టుకొన తరంగములు తక్కువ కావచ్చును. వెనుకవైపు గ్రామఫోను తగిలించుకొనుటకు రెండు రంధ్రములున్నవి. అప్పుడు దానికి ఫోనునుండి పాట నందింతుమని మా మేనకోడలు చెప్పుచున్నది. అత్తగారి వినికిడి ఈ సంవత్సరము ఇంకను తగ్గినది. అయినను సంజదీపము పెట్టగానే ఆమెయే పోయి మీట త్రిప్పుదురు. అరచేతితో పెట్టె అదురు తెలిసికొని, "వస్తోంది" అందురు.

సోదరీమణులారా, ఈ దసరాకు అటక దులుపునపుడు మూగవోయిన పెట్టె కనబడినచో, పాతసామానులవానిని కేకవేయుటకు ముందు దాని వెనుకపలక ఒకమారు విప్పిచూడుడు. ప్లగ్గు మాత్రము పెట్టవద్దు.